ఎక్కడ తెగింది?



సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం మా అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఉండేది రామసముద్రం దగ్గర ఒక పల్లెలో. నేనుండేది వేరే ఊళ్ళో.

"నాయినా, నెట్టు పోయింది. టీవీ కూడా రాలేదు. పాపతో మాట్లాడదామంటే గుండ్రంగా తిరగతానే ఉండాది" అనింది.

"ఎక్కడ పోయిందమ్మా?" అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. "ఎక్కడ పోయిందంటావేందిరా? అదేమన్నా గొడ్డా, పోయి ఎతుక్కోను?"

నవ్వొచ్చింది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. నిజంగా గొడ్డే అనుకోండి. సాయంత్రం ఆవు ఇంటికి రాలేదు. మనమేం చేస్తాం? తిన్నగా మదనపల్లె సంతకు పరిగెత్తం కదా. ముందు కొట్టంలో చూస్తాం. తర్వాత పెరట్లో. తర్వాత వీధి కొసన. ఆ తర్వాత చేనిగట్టు, చెరువుకట్ట. అక్కడా లేకపోతేనే పక్కూరు. దగ్గర నుంచి దూరానికి వెతుక్కుంటూ పోతాం. అట్లా వెతకడం మనకెవరూ నేర్పలేదు.

నెట్ పోయినప్పుడు కూడా అట్లాగే వెతకొచ్చు. కాకపోతే ఆవు ఏయే దారుల్లో తిరుగుతుందో మనకు తెలుసు. నెట్ ఏ దారిలో వస్తుందో తెలియదు. ఈవేళ ఆ దారి సంగతి చెప్పుకుందాం. కంప్యూటర్ నెట్‌వర్క్ అంటే ఏమిటి, దాన్ని ఎట్లా అమర్చారు. ఇదే ఈనాటి ప్రసంగం.

ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు. నెట్‌వర్క్ మెట్లు మెట్లుగా ఉంటుంది. ఏ మెట్టుకైనా తన పక్క మెట్టు తెలిస్తే చాలు. మొత్తం దారి ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మన చెరువు చూడండి. చెరువుకు తూము ఉంటుంది. తూము నుంచి పెద్ద కాలవ. పెద్ద కాలవ నుంచి పిల్ల కాలవలు. పిల్ల కాలవ నుంచి మీ మడి. చెరువు నిండితే మరవ పారి కింది చెరువుకు పోతుంది. అది నిండితే ఇంకో చెరువుకు. గొలుసుకట్టు చెరువులని పేరు. కోలారు నుంచి చిత్తూరు దాకా, ఈ గుట్టల మధ్య మన పెద్దలు అమర్చిన నెట్‌వర్క్ అది. నీళ్ళు ఎవరి మడికి ఎప్పుడు తిప్పాలో నీరుగంటి చూసుకునేవాడు. ఆయన చేతిలో పార, మనసులో లెక్క. కింది ఊరి చెరువు కింద ఎన్ని మడులున్నాయో ఆయనకు అక్కర్లేదు. తన కాలవలు తెలిస్తే చాలు.

మీ ఇంట్లో ఒక మూల మినుకు మినుకుమంటూ ఒక డబ్బా ఉంది చూడండి. రౌటర్ అంటారు. అది మీ ఇంటి నీరుగంటి. ఫోనుకు ఇంత, టీవీకి ఇంత, పిల్లల క్లాసుకు ఇంత అని మళ్ళిస్తుంది. ఊరికి ఇంకో నీరుగంటి, జిల్లాకు ఇంకొకడు, దేశానికి ఇంకా పెద్దవాళ్ళు.

అయితే చెరువు పోలిక ఇక్కడిదాకే పనికొస్తుంది. నీళ్ళు పల్లానికే పారతాయి. నెట్‌లో మాట అటూ పోవాలి, ఇటూ రావాలి. ఇంకోటి, నీళ్ళు కలిసిపోతాయి. మీ మడిలో పారిన నీళ్ళలో ఏ చుక్క ఏ వాన చుక్కో ఎవరు చెప్పగలరు? నెట్‌లో కలిసిపోతే ఎట్లా? నేను పంపిన ఫొటో సగం, ఎవరిదో పెళ్ళిపత్రిక సగం కలిసి మీ ఫోన్లో దిగితే?

కాబట్టి చెరువు వదిలేసి టమోటా మండీకి పోదాం.

మదనపల్లె టమోటా మార్కెట్ మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. కాయ కోస్తాం. కుప్పగా లారీలో పోస్తామా? పోయం. క్రేట్లకెత్తుతాం. ఏ క్రేటు ఎవరిదో తెలియాలి కాబట్టి గుర్తు వేస్తాం. ఒక రైతు సరుకంతా ఒకే బండిలో పోవాలని లేదు. సగం ఈ బండిలో, సగం వెనకాల వచ్చే బండిలో. ఒకటి తిన్నగా పోతుంది. ఇంకోటి పుంగనూరు మీదుగా చుట్టు తిరిగి పోతుంది. చేరినాక లెక్క చూసుకుంటారు.

నెట్‌లో జరిగేది ఇదే. నా ఫొటో ఫొటోగా పోదు. చిన్న చిన్న ముక్కలవుతుంది. ప్రతి ముక్క ఒక క్రేటు. దాని మీద ఎవరు పంపారు, ఎవరికి చేరాలి, ఇది ఎన్నో ముక్క అని రాసి ఉంటుంది. ప్యాకెట్ అంటారు దాన్ని. ఒక్కోటి ఒక్కో దారిలో పోవచ్చు. అవతల మీ ఫోన్ వాటిని వరస పెడుతుంది. పదిహేడో క్రేటు రాలేదంటే కబురు పెడుతుంది. నా ఫోన్ ఆ ఒక్కటీ మళ్ళీ పంపుతుంది. దారిలో పోయిన టమోటా తిరిగి రాదు. ఫొటో ముక్క అయితే మళ్ళీ వస్తుంది. ఎందుకంటే అసలు సరుకు నా దగ్గరే ఉంది, పంపింది నకలే.

ఈ క్రేట్ల తెలివి ఎందుకంత గొప్పదో పాత శ్రోతలకు వెంటనే తెలుస్తుంది. ట్రంక్ కాల్ గుర్తుందా? బుక్ చేసి పోస్టాఫీసులో గంటలు కూర్చునేవాళ్ళం. లైన్ కలిసిందంటే మీరు మాట్లాడినంతసేపు ఆ లైన్ మీదే. మీరు నోరు మూసుకుని ఉన్నా మీదే. మీ వెనకాల పదిమంది నిలబడాల్సిందే. రోడ్డంతా ఒక్క పెళ్ళి బండికి వదిలిపెట్టినట్టు. ముక్కలు చేసి పంపితే ఆ బాధ లేదు. ఒకే తీగ మీద అందరి క్రేట్లూ ఒకదాని వెనక ఒకటి పోతాయి.

క్రేటు సరే. దారి ఎట్లా తెలుస్తుంది? అమెరికాలో ఉన్న మనవరాలు పంపిన ముక్కకు రామసముద్రం దారి ఎవరు చూపిస్తారు?

దీనికి మన జేబులోనే ఒక ఉదాహరణ ఉంది. పిన్ కోడ్. 1972 ఆగస్టు 15న మన దేశంలో పెట్టారు. ఆరంకెలు. మదనపల్లెదైనా, పుంగనూరుదైనా, కుప్పానిదైనా 517 తోనే మొదలవుతుంది. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసేవాడికి రామసముద్రం ఎక్కడుందో తెలియదు. తెలియక్కర్లేదు. వాడు మొదటి అంకె చూస్తాడు. 5. అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు. ఆ సంచిలో వేస్తాడు, వాడి పని అయిపోయింది. ఇటు వచ్చినాక ఇంకొకరు మొదటి మూడంకెలు చూస్తారు. 517. చిత్తూరు వైపు సంచి. ఆ తర్వాత చివరి మూడంకెలు చూస్తే ఏ పోస్టాఫీసో తెలుస్తుంది. పోస్టాఫీసు దాకా వచ్చినాక అంకెలతో పనిలేదు. పోస్ట్‌మ్యాన్‌కు మీ ఇల్లు తెలుసు, మీ ఇంటి కుక్క కూడా తెలుసు.

చూడండి, ఎవరూ మొత్తం దారి చూడలేదు. ఒక్కొక్కరు ఒక్క మెట్టు దింపారు.

నెట్‌లో ప్రతి యంత్రానికీ ఇట్లాంటి నంబరే ఉంటుంది. ఐపీ అడ్రస్ అంటారు. అందులోనూ ముందు అంకెలు పెద్ద ప్రాంతాన్ని, అంటే ఏ కంపెనీ నెట్‌వర్కో చెప్తాయి. చివరి అంకెలు ఇంటిని చెప్తాయి. దారిలో ఉన్న ప్రతి రౌటరూ ముందు అంకెలు చూసి, "నీ సంచి అది, పో" అని పక్క మెట్టుకు తోస్తుంది. అంతే. వాటి పనికి అంతకంటే తెలివి అక్కర్లేదు.

ఇంట్లో నాలుగు ఫోన్లుంటే? బయటి లోకానికి ఇంటికంతా ఒకే నంబరు కనిపిస్తుంది. ఉత్తరం ఇంటి పేరున వచ్చినట్టు. లోపలికి వచ్చినాక ఇది పెద్దోడిది, ఇది కోడలిది అని ఇంటి ఇల్లాలు పంచుతుంది చూడండి, ఆ పని మన రౌటర్ చేస్తుంది. ఇక మనం నంబర్లు గుర్తు పెట్టుకోం, పేర్లే కొడతాం. ఫోన్లో అన్న పేరు నొక్కితే నంబరు దానంతటదే కలిసినట్టు, నెట్‌లో పేరును నంబరుగా మార్చే పెద్ద పట్టీ ఒకటి వేరే ఉంది. అదీ మెట్లు మెట్లుగానే ఉంటుంది. దాని సంగతి ఇంకోసారి.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. ఈ మెట్లు మన నేల మీద ఎట్లా కట్టారు?

కుప్పం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని ఒకటి మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, సూర్యరశ్మితో నడిచే ప్రింటర్ ఇచ్చి ఫొటోలు తీయడం నేర్పారు. అప్పటికి చాలామంది పల్లెల్లో కంప్యూటర్ మొహమే చూడలేదు. కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టడం సులువు. దాన్ని బయటి లోకంతో కలపడమే కష్టం. ఈ గుట్టల్లో గాలి మీద సిగ్నల్ పంపాలంటే ఈ కొసకు ఆ కొస కనపడాలి. మధ్యలో కొండ అడ్డమొస్తే అంతే సంగతులు.

తర్వాత ప్రభుత్వం తన ఆఫీసులు కలుపుకోవడానికి రాష్ట్రమంతా ఒక నెట్‌వర్క్ వేసింది. స్వాన్ అనేవాళ్ళు. దాన్ని అచ్చం పరిపాలన లాగే అమర్చారు. రాజధాని నుంచి జిల్లా కేంద్రానికి, జిల్లా కేంద్రం నుంచి మండల కేంద్రానికి. చెట్టు తిరగేసినట్టు. వేరు పైన, కొమ్మలు కింద. 2011 నవంబరులో మీసేవ మొదలైంది మన చిత్తూరు జిల్లాలోనే. అప్పుడు రామసముద్రం కూడా చిత్తూరు జిల్లానే. కులం సర్టిఫికెట్, అడంగల్ కాగితం కిటికీ దగ్గరే చేతికి వచ్చిందంటే మండలం నుంచి పై దాకా ఈ మెట్లన్నీ పనిచేశాయన్నమాట.

ఈ చెట్టు అమరికలో ఒక సుఖం ఉంది, ఒక కష్టం ఉంది. సుఖమేమంటే లెక్క తేలిక. ఎవరి పైన ఎవరో తెలుసు. కష్టమేమంటే మొదలు దగ్గర తెగితే కొమ్మలన్నీ ఎండిపోతాయి. జిల్లా దగ్గర తీగ తెగిందనుకోండి, మండలాలన్నీ కళ్ళు తేలేస్తాయి. అప్పుడు వినపడేదే ఆ మాట. మీకు తెలిసిందే. "సర్వర్ డౌన్."

ఒకసారి ఒక ఆఫీసులో నాకు మూడు రోజులు ఆ మాటే చెప్పారు. నాలుగో రోజు నేను కొంచెం మొండికేశాను. పక్క గదిలో అదే పని జరుగుతోంది కదా, ఇక్కడ సర్వర్ ఎట్లా డౌన్ అయింది అని అడిగాను. ఆ అబ్బాయి పాపం నిజాయితీపరుడు. బల్ల కింద వంగి చూశాడు. తీగ ఊడి ఉంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలిందట. మూడు రోజులు సర్వర్‌ను తిట్టుకున్నాం. సర్వర్ ఎక్కడో హాయిగా పనిచేస్తూనే ఉంది.

ఇప్పుడు ఫైబర్ వచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మన ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామని అప్పట్లో చెప్పారు. అందులో నాకు నచ్చింది ధర కాదు. దాన్ని వేసిన తీరు. రోడ్లు తవ్వి తీగ పూడ్చాలంటే ఏళ్ళు పడుతుంది, డబ్బూ ఎక్కువ. ఊరూరికీ అప్పటికే పోయి ఉన్నది ఏమిటని చూశారు. కరెంటు స్తంభం. ఆ స్తంభాల మీదే ఫైబర్ వేలాడదీశారు. దాదాపు 24,000 కిలోమీటర్లు. ఆ తీగలో లోహం పిసరంత ఉండదు. లోపల గాజు, పైన ప్లాస్టిక్ లాంటివి. అందుకే కరెంటు తీగల పక్కన ఉన్నా దానికి భయం లేదు. కరెంటు సబ్‌స్టేషన్లోనే ఈ ఫైబర్ యంత్రమూ పెట్టారు. మొత్తాన్ని విశాఖపట్నంలో ఒకచోట కూర్చుని కనిపెట్టి చూస్తారు.

అంటే మీ ఇంటి నెట్ మెట్లు ఇవి, నిదానంగా వినండి. మీ చేతిలో ఫోన్. ఫోన్ నుంచి మూలనున్న డబ్బా. డబ్బా నుంచి సన్న తీగ వీధిలో స్తంభం మీదికి. అక్కడ ఒక చిన్న పెట్టె. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. ఒక గాజుపోగులో వచ్చిన వెలుగును పదహారు ఇళ్ళకో ముప్పైరెండు ఇళ్ళకో చీల్చి పంచుతుంది. పిల్ల కాలవలే మళ్ళీ. అక్కడి నుంచి సబ్‌స్టేషన్. సబ్‌స్టేషన్ నుంచి పెద్ద ఊరు. అక్కడి నుంచి చెన్నైకో ముంబైకో. చెన్నై సముద్రంలో దిగిన తీగ సింగపూరు దాకా పోతుంది. గాజులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పరిగెత్తుతుంది. కాబట్టి ఇన్ని మెట్లు దిగి ఎక్కినా మీకు రెప్పపాటే.

పై మెట్లలో మాత్రం చెట్టు అమరిక పెట్టుకోరు. అక్కడ తెగితే జిల్లాలు, దేశాలు ఆగిపోతాయి. అందుకే ఉంగరంలా చుట్టి తెచ్చి కలుపుతారు. ఇటు తెగితే అటు నుంచి రావొచ్చు. మదనపల్లె రోడ్డు మీద లారీ తిరగబడితే పుంగనూరు మీదుగా పోయినట్టు. 2008 జనవరి 30న ఈజిప్టు దగ్గర సముద్రంలో తీగలు తెగాయి. మన దేశంలో నెట్ బాగా నెమ్మదించింది. కానీ చచ్చిపోలేదు. మిగిలిన దారుల మీదికి మళ్ళించి నడిపారు.

అసలు ఈ నెట్‌వర్క్‌కు తెగడం పుట్టుకతో వచ్చింది. 1969 అక్టోబరు 29న అమెరికాలో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మొదటిసారి లాగిన్ అనే మాట పంపబోయారు. ఇంగ్లీషులో ఎల్, ఓ అని రెండక్షరాలు చేరాయి. అంతలో అవతలి యంత్రం ఆగిపోయింది. తర్వాత గంటకో ఎంతకో బాగుచేసి మళ్ళీ పంపారు. అంటే మా అమ్మ చేసిన ఫిర్యాదు మొదటి రోజు నుంచీ ఉంది.

సరే, ఆవును వెతుకుదాం. కొట్టం నుంచి మొదలుపెడదాం.

ముందు కరెంటు ఉందా చూడండి. నవ్వకండి, ఫోన్లు చేసేవాళ్ళలో చాలామంది ఇది చూడరు. తర్వాత మీ ఫోన్లో వైఫై గీతలు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. గీతలు నిండుగా ఉంటే నెట్ ఉన్నట్టు కాదు. మీ ఫోనుకూ డబ్బాకూ మధ్య మాట బాగా నడుస్తోందని, అంతే. మొదటి మెట్టు బాగుంది. రెండో మెట్టు సంగతి గీతలకు తెలియదు. మళ్ళీ చెప్తున్నాను. గీతలు చెప్పేది ఇంటి లోపలి సంగతి.

బయటి సంగతి డబ్బా చెప్తుంది. దాని మీద లైట్లు చూడండి. చాలా డబ్బాల మీద ఒక లైటు ఎర్రగా కొట్టుకుంటే వీధి నుంచి వెలుగు రావట్లేదని అర్థం. అది ఎర్రగా ఉంటే డబ్బాను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. తీగ చూడాలి. డబ్బాకు తగిలించిన ఆ సన్న తీగ చాలాచోట్ల పసుపుపచ్చగా ఉంటుంది. కిటికీ సందులో గట్టిగా మడిచి మేకు కొడతారు కొందరు. లోపల గాజు అని గుర్తుంచుకోండి. మడత దగ్గర వెలుగు కారిపోతుంది. ఇంకో హెచ్చరిక. తెగిన తీగ కొసను కంటి దగ్గర పెట్టుకుని చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి. అందులో వచ్చే వెలుగు కంటికి కనపడదు, కానీ కంటికి మంచిది కాదు.

ఎర్ర లైటు ఉంది, ఇంట్లో తీగ బాగానే ఉంది. అయితే గడప దాటండి. పక్కింట్లో వస్తోందా అడగండి. వాళ్ళకు వస్తుంటే తప్పు మీ ఇంటికీ స్తంభానికీ మధ్య ఉంది. వీధంతా పోయిందా? స్తంభం మీది పెట్టె దగ్గరో, ఆ ముందో. ఊరంతా పోయిందా? సబ్‌స్టేషన్ నుంచి వచ్చే తీగ అయ్యుండొచ్చు. గడ్డి వేసుకున్న ట్రాక్టర్ వేలాడే తీగను తగులుకుని ఈడ్చుకుపోవడం మన ఊళ్ళలో మామూలే. అన్నీ వస్తున్నాయి, ఒక్క బ్యాంకు యాప్ మాత్రం రాలేదా? అప్పుడు మీ తీగలన్నీ బాగున్నాయి. అవతల వాళ్ళింట్లోనే ఏదో అయింది. అప్పుడు మాత్రం "సర్వర్ డౌన్" అంటే నమ్మండి.

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసేటప్పుడు "నెట్ పోయింది" అని ఊరుకోకండి. ఆ మాటకు అతను పది చోట్ల వెతకాలి. "ఎర్ర లైటు కొట్టుకుంటోంది, పక్కింట్లో వస్తోంది" అనండి. ఆ రెండు ముక్కలతో నిచ్చెన ఏ స్తంభానికి వేయాలో అతనికి తెలిసిపోతుంది.

ఆరోజు సాయంత్రం ఇదంతా మా అమ్మకు ఫోన్లో చెప్పాను. ఊఁ కొడుతూ వినింది. "రేపు చూస్తాలే, సంగటి పొయ్యి మీదుండాది" అని పెట్టేసింది.

మరుసటి రోజు పొద్దున ఆమే చేసింది. "ఎర్ర లైటు ఎలగతా ఉండాదిరా. రత్నమ్మోళ్ళింట్లో వస్తా ఉండాది, మనకే రాలేదు. బయటికి పోయి పైకి చూసినా. నిన్నటి గాలికి చింతకొమ్మ ఇరిగి మన తీగ మీద పడుండాది. పిలగాడికి చెప్పినా, నిచ్చెన తెస్తా ఉండాడు."

"మంచిదమ్మా" అన్నాను.

"మంచిదేంది, కొమ్మ నిండా చింతకాయిలుండాయి. కోసుకుని పచ్చడి నూరినా. నువ్వొచ్చేటప్పటికి ఉంటాదో ఉండదో" అనింది.